బడి మూసేస్తారని తెలిస్తే పిల్లల జాబితా ఎలా రాయాలి?

ఒడిశాలో మన తెలుగు ఊళ్ళో తెలుగు హైస్కూల్లో పిల్లలు తగ్గారు, పక్క ఊరి ఒడియా హైస్కూల్లో కలిపేస్తారట అన్న కబురు రాగానే జనం చేసే మొదటి పని రోడ్డు మీద కూర్చోవడం. రెండోది గేటుకు తాళం వేయడం. పర్లాకిమిడి, గుణుపురం వైపూ, బరంపురం చుట్టుపక్కలా ఇలాంటి గొడవలు చాలానే చూశాను. ధర్నా అయిన మర్నాడు బీఈఓ (బ్లాకు విద్యాధికారి) అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంతకీ పిల్లలు ఎంతమంది?" అప్పుడు అందరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుంటారు. ఆ ప్రశ్నకు జవాబు ముందే నోట్‌బుక్‌లో ఉండాలి. అదెలా రాయాలో చెబుతాను.

సరంజామా

రూళ్ళ లాంగ్ నోట్‌బుక్ ఒకటి, నీలం బాల్‌పెన్నులు, వేలిముద్రలకు స్టాంపు ప్యాడు, ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పకుండా ఆడమనిషి కావాలి. మగవాళ్ళిద్దరు వెళితే అరుగు మీదే నిలబెట్టి పంపేస్తారు. గూగుల్ ఫారం వద్దే వద్దు. ఓ ఊరి కుర్రాళ్ళు ఫారం లింకు వాట్సాప్‌లో పెట్టారు. సూరత్‌లో ఉన్నవాళ్ళు, విశాఖలో ఉన్నవాళ్ళు, పెళ్ళికాని వాళ్ళు కూడా నింపేశారు. లైకులు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టుకుని ఆఫీసుకి పట్టుకెళ్ళారు.

పేజీ అడ్డంగా తిప్పి గీతలు గీయండి: వరుస నంబరు, పిల్ల పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఇప్పుడు చదివే బడి, తరగతి, ఇంట్లో మాట్లాడే భాష, మొదటి భాషగా ఏది కావాలి, సంతకం. అంతే.

వెళ్ళే వేళ సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది. సంత రోజు వద్దు. ఆదివారం వద్దు, గజపతి జిల్లా పల్లెల్లో సగం మంది చర్చికి పోతారు. బరంపురంలో అయితే ఠాకురాణి యాత్ర జరిగే ఏడాది ఆ నెలంతా వదిలేయండి, యాత్ర నడిపించే మన దేరా నేతవాళ్ళ వీధుల్లో ఎవరికీ తీరిక ఉండదు. ఏం చేసినా సెప్టెంబర్ 30కి ముందు పూర్తి చేయాలి. బడుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో బడి పిల్లల లెక్కకు ఆధారం ఆ తేదీయే.

అందరూ బొక్కబోర్లా పడేది ఇక్కడే

ఊళ్ళో ఉన్న పిల్లలందరి పేర్లూ రాసేయడమే పెద్ద తప్పు. సరిహద్దు ఊరు కదా. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, బరంపురం దాటితే ఇచ్ఛాపురం. అమ్మమ్మ ఇంట్లో ఉండి అటు చదివే పిల్లలు ప్రతి వీధిలో ఉంటారు. సెలవులకు వచ్చి గుమ్మంలో ఆడుకుంటూ కనిపిస్తారు. తల్లి మొహమాటానికి "రాసుకోండి బాబూ" అంటుంది. మీరు రాసుకుంటారు. అక్కడితో మీ పని అయిపోయినట్టే.

ఎందుకంటే ఇప్పుడు ప్రతి పిల్లకీ పెన్ నంబరు, అంటే బడి మారినా మారని శాశ్వత విద్యా నంబరు ఉంది. యూడైస్‌లో ఆ పిల్ల ఏ బడిలో ఉందో కనిపిస్తుంది. ఒక ఊళ్ళో 112 మంది జాబితా తీసుకుని నేనూ వెంట వెళ్ళాను. ఎదురుగా కూర్చున్న ఆఫీసరు గొంతు పెంచలేదు, కోప్పడలేదు. ఒక్కో పేరూ కంప్యూటర్‌లో కొట్టి, అటు తేలిన పేరు పక్కనల్లా ఎర్రపెన్నుతో ఇంటూ పెట్టుకుంటూ పోయాడు. 31 పేర్లు ఆంధ్రా బడుల్లో తేలాయి. మిగిలిన 81 పేర్లూ నిఖార్సయినవే, కానీ ఆ తర్వాత వాటిని ఎవరూ చదవలేదు. టీ కూడా తాగకుండా బయటికి వచ్చాం.

అందుకే నోట్‌బుక్‌ను రెండుగా విడగొట్టండి. ముందు వైపు నుంచి ఇప్పుడు మీ బడిలో, దానికి పిల్లల్ని పంపే చుట్టుపక్కల ప్రైమరీ బడుల్లో ఉన్నవాళ్ళు. వెనక వైపు నుంచి బయట చదువుతూ, బడి ఉంటే తిరిగి వస్తామనే వాళ్ళు. ఈ రెండో వైపున తల్లిదండ్రుల చేత ఒక వాక్యం రాయించుకోవాలి: ఫలానా బడి నుంచి పేరు తీయించి ఇక్కడ చేరుస్తాం అని. రాయడానికి వెనకాడితే ఆ పేరు కొట్టేయండి. జాలి పడొద్దు. చేర్చాలనుకున్నా పాత బడివాళ్ళు పోర్టల్‌లో పిల్లను వదలాలి, అప్పుడే కొత్త బడి తీసుకోగలదు. టీసీ చేతిలో ఉందని అందరూ ధీమాగా ఉంటారు, పేరు మాత్రం అక్కడే ఉండిపోతుంది.

పేర్ల సంగతి మరో తలనొప్పి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఆధార్‌లో అది చివరికి పోతుంది, ఒడియా రిజిస్టర్‌లో రెండక్షరాలు మారతాయి, ఒక్కోసారి కులం పేరే ఇంటిపేరు అయిపోతుంది. నోటితో చెప్పిన పేరు రాయకండి. ఆధార్ కార్డు చూసి, అందులో ఉన్నది ఉన్నట్టు దించండి. అమ్మ "మా బుజ్జిగాడు" అంటే నవ్వి కార్డు అడగండి. పుట్టిన తేదీ కూడా అంతే. "గోదావరి పుష్కరాల ఏడాది" అని చెప్పే అవ్వలు ఇంకా ఉన్నారు.

ఇంకొక మాట. ఏ ఇంటికి వెళ్ళినా "తెలుగు బడిలో వేస్తే రేపు ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతారు. తెలుగు తల్లి గురించి ఉపన్యాసం ఇవ్వకండి, వాళ్ళు అడిగింది న్యాయం. ఒడిశా సర్కారు ఉద్యోగానికి ఎం.ఈ. స్థాయి, అంటే ఏడో తరగతి ఒడియా పాసై ఉండాలి. తెలుగు బడిలోనే ఒడియా ఒక సబ్జెక్టుగా గట్టిగా చెబితే ఆ భయం సగం పోతుంది. అందుకే నేను ఏ అర్జీ రాసినా మొదటి కోరిక ఒడియా పంతుల్ని వేయమని రాస్తాను. కొందరు పెద్దలకు ఇది నచ్చదు, అడిగేదే తెలుగు బడి అయితే ఒడియా గోల ఎందుకంటారు. వాళ్ళ మనవలు ఏ మీడియంలో ఉన్నారో కూడా అడిగి రాసుకోండి.

లెక్క తీయడం

ఇంతవరకూ జాగ్రత్తగా చేస్తే ఇది గంట పని. ఇప్పుడు ఐదు, ఆరు, ఏడు తరగతుల్లో ఉన్నవాళ్ళను విడిగా కూడండి. వాళ్ళే రాబోయే మూడేళ్ళలో ఎనిమిదిలోకి వచ్చేవాళ్ళు. ఈ ఏడాది సంఖ్య తక్కువగా ఉన్నా, వచ్చే మూడేళ్ళ సంఖ్య పేర్లతో సహా చూపిస్తే ఆఫీసరు కాస్త ఆగుతాడు. తొమ్మిదో తరగతి పిల్లల్ని కూడా విడిగా చూపించండి. వాళ్ళకు పదో తరగతి పరీక్ష పెట్టే కటక్ బోర్డులో రిజిస్ట్రేషన్ అయ్యేది ఆ తరగతిలోనే. మొదటి భాష తెలుగుగా రాసుకున్న పిల్లను తెలుగు పంతులు లేని బడిలో పడేస్తే పదో తరగతికి ఆ పిల్ల గతేమిటో అర్జీలో అడగాలి.

అర్జీ

ఒక పేజీ దాటొద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు నుంచి మనం ఇటు వచ్చిన చరిత్రంతా రాస్తే చదివే ఓపిక ఎవరికీ ఉండదు. చట్టం మాట రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. రాజ్యాంగం 350ఏ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాష చదువు గురించి మాట్లాడుతుంది, హైస్కూలు గురించి కాదు. దాన్ని హైస్కూలుకు చూపిస్తే ఆ ఒక్క తప్పుతో మీ అర్జీ తేలికైపోతుంది. హైస్కూలుకు పనికొచ్చేవి భాషా అల్పసంఖ్యాకుల రక్షణలుగా రాష్ట్రాలు ఒప్పుకున్నవి: చివరి నాలుగు తరగతుల్లో కలిపి 60 మంది, తరగతికి 15 మంది ఉంటే ఆ భాషలో చదువు చెప్పాలి. ప్రైమరీకి అయితే బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది. బడి తెరిచేముందే భాష కోరికను నమోదు చేసుకునే ముందస్తు రిజిస్టర్ పెట్టాలన్న నియమం కూడా అందులోనే ఉంది. హెడ్మాస్టర్‌ను ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. నేను అడిగిన బడుల్లో ఒక్కచోటే ఉంది, అదీ ఖాళీగా.

మీ సంఖ్య 60కి తగ్గితే దాచకండి. అప్పుడు దూరం గురించి రాయండి. కలుపుతామంటున్న బడి 5 కిలోమీటర్లు దాటి ఉందా, మధ్యలో వాగు ఉందా, వానాకాలం దాటగలమా, ఆడపిల్లలు ఎలా వెళ్ళాలి. ఆ దారిన మీరే ఒకసారి నడిచి ఎంతసేపు పట్టిందో రాయండి.

జాబితా, అర్జీ మూడేసి జిరాక్సులు తీయండి. ఒకటి డీఈఓకి, ఒకటి సోమవారం కలెక్టర్ గ్రీవెన్స్‌లో, మూడోది మీ దగ్గర. మూడోదాని మీద రిసీవ్డ్ సీలు, తేదీ, డైరీ నంబరు వేయించుకునే దాకా కుర్చీలోంచి లేవకండి. ఒడిశా సర్కారు ఫిర్యాదుల పోర్టల్ జనసుణాణిలో కూడా ఎక్కించండి, దానికి నంబరు వస్తుంది.

అసలు నోట్‌బుక్ మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకండి. పరిశీలించి ఇస్తామంటే ఒకసారి ఒక ఆఫీసులో ఇచ్చాను. పైకి పంపామని ఇప్పటికీ చెబుతున్నారు.