ముసురు పట్టకముందే పాత ఫోర్ వీల్ జీపు కింద ఏమేం చూడాలి

ఈ పని రోహిణి ఎండలు ఉన్నప్పుడే పెట్టుకోండి. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాయంటే వాకిలి మెత్తబడుతుంది, మెత్తటి నేల మీద జాకీ పెట్టి బండి కిందికి దూరడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మన వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు పాత మేజర్లు, ఎంఎం 540లు, జిప్సీలు, మొదటి తరం థార్‌లు ఉన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొలం కాడికి పోవాలన్నా, తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారుల్లో తిరగాలన్నా వీటిని మించిన బండి లేదని నా గట్టి నమ్మకం. అయితే ఎండాకాలమంతా చక్కగా నడిచిన బండి వానల్లో మొరాయించిందంటే చాలాసార్లు కారణం ఒక్కటే, నీళ్లు పోకూడని చోటికి పోతాయి. ఆ దారులు ఎక్కడున్నాయో ఇంటి దగ్గరే వెతికి మూసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు జాకీ సంగతి. జాకీ ఉన్నది బండిని లేపడానికే, దాన్ని నమ్ముకొని కింద పడుకోవద్దు, లోపల సీల్ పోయిందంటే బాటిల్ జాకీ ఒక్కసారిగా కూర్చుంటుంది. రెండు జాకీ స్టాండ్లు కొనుక్కోండి, గట్టి సిమెంటు గచ్చు మీద యాక్సిల్ కిందో ఛాసిస్ కిందో పెట్టండి. ఇటుకలు, హాలో బ్రిక్స్ వద్దే వద్దు, అవి బరువుకు చెప్పా పెట్టకుండా పగులుతాయి. నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టాలి. హ్యాండ్ బ్రేక్ వేశాం కదా అని వదిలేయకండి, ఎందుకంటే కొన్ని పాత జీపుల్లో హ్యాండ్ బ్రేక్ చక్రాలను పట్టదు, వెనక చక్రాలకు బలం తీసుకెళ్లే వెనక జాయింట్ షాఫ్ట్‌ను పడుతుంది. అలాంటి బండికి ఒక వెనక చక్రం గాల్లోకి లేచిందనుకోండి, షాఫ్ట్ కదలకపోయినా హౌసింగ్‌లో (రెండు చక్రాల మధ్య యాక్సిల్ మీద ఉండే గేర్ల గుండులో) పళ్లు ఆ చక్రాన్ని ఒక దిక్కుకు, నేల మీది చక్రాన్ని ఇంకో దిక్కుకు తిరగనిస్తాయి, బండి మెల్లగా జరిగిపోతుంది. టూ వీల్‌లో (వెనక చక్రాలకే బలం పోయేలా) ఉంచి గేరు వేసినా ఇదే కథ. ఇంకొకటి, ఒక పక్క లేపి ఉంచి, ఫోర్ వీల్ లివర్ వేసి, చక్రాలు తిరుగుతున్నాయా లేదా చూద్దామని ఇంజన్ స్టార్ట్ చేయకండి, నేల మీదున్న చక్రాలు బండిని స్టాండ్ల మీది నుంచి కిందికి తోసేస్తాయి.

ఇక నూనెలు. గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె), ముందు హౌసింగ్, వెనక హౌసింగ్, ఈ నాలుగూ వేర్వేరు. చాలామంది ఇంజన్ ఆయిల్ మాత్రం టైముకు మార్చి వీటిని ఏళ్ల తరబడి ముట్టుకోరు, నాకు బాధనిపించేది ఇదే. ఆయిల్ తీసే ముందు పైన పోసే ప్లగ్ లూజ్ అవుతుందో లేదో చూసుకోవాలి, అది పట్టేసి ఉందని కింది ప్లగ్ తీసి ఆయిలంతా కార్చేశాక తెలిస్తే బండి అక్కడే ఉండిపోతుంది. బయటికొచ్చిన ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే లోపల నీళ్లు కలిసినట్టే. అప్పుడు కొత్త ఆయిల్ పోసి ఊరుకుంటే సరిపోదు, నీళ్లు ఎట్లా వచ్చాయో చూడాలి. ఒక దారి బ్రీదర్, అంటే హౌసింగ్‌లోకి గాలి ఆడే రంధ్రం. హౌసింగ్ పైన చిన్న మూతలాగా ఉంటుంది, దుమ్ముతో మూసుకుపోయి ఎవరి కంటా పడదు. బండి నడిచి హౌసింగ్ వేడెక్కి ఉంటుంది, అదే వేడిలో వాగులోకి దింపితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బ్రీదర్ మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీళ్ల సందుల్లోంచి నీళ్లను లోపలికి గుంజుకుంటుంది. బ్రీదర్‌ను డీజిల్‌తో కడిగి, ఒక రబ్బరు పైపు తగిలించి ఇంజన్ దగ్గర ఎత్తున కట్టుకుంటే మంచిది, దీనికి ఖర్చు కూడా పెద్దగా లేదు. రెండో దారి సీళ్లే. ముందు చక్రాల వెనక నకిల్ (చక్రం పక్కకు తిరిగే కీలు) దగ్గర జిడ్డు కారుతోందంటే చూసీ చూడనట్టు వదిలేయకండి, ఆయిల్ బయటికి వచ్చే సందులోంచే నీళ్లూ లోపలికి పోతాయి.

జాయింట్ షాఫ్ట్ చివర్లలో ప్లస్ గుర్తులా ఉండే క్రాసులకు గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు వైపుల నుంచీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి, ఒక్క పక్క రాకపోయినా ఆ పక్క ఎండిపోతున్నట్టే. ముందు గేరు నుంచి రివర్స్‌కు మార్చినప్పుడు కింద టక్కున శబ్దం వస్తుంటే మొదట చూడాల్సింది ఈ క్రాసులనే. కమాన్ పట్టీల యూ బోల్టులు కూడా పానాతో ఒకసారి బిగించి చూడండి.

ఫోర్ వీల్ లివర్ పడుతుందో లేదో వాన పడ్డాక బురదలో కాదు తెలుసుకోవాల్సింది. ఎక్కడైనా మట్టిబాట మీద వేసి కొంచెం దూరం నిదానంగా నడిపి చూడండి, నెలకోసారి ఇట్లా చేస్తుంటే లోపలి పళ్లకు ఆయిల్ అందుతుంది. ముందు చక్రాల మధ్యలో ఉండి వాటిని యాక్సిల్‌కు కలిపే హబ్‌లు చేత్తో తిప్పేవైతే లాక్‌కూ ఫ్రీకీ రెండు వైపులా సులువుగా తిరగాలి. తార్రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ వేసి నడపొద్దు. ఈ పాత బండ్లలో ముందు, వెనక షాఫ్టులు రెండూ గట్టిగా కలిసిపోతాయి, మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి, పొడి రోడ్డు మీద జారే వీలుండదు కాబట్టి మెలి అంతా గేర్ల మీద పడుతుంది. లివర్ వెనక్కి రాకుండా పట్టేసుకునేది అందుకే, అట్లా పట్టేస్తే బలం పెట్టి గుంజకుండా నిదానంగా కొంచెం రివర్స్ తీసుకోండి, చాలాసార్లు వదిలేస్తుంది. నాలుగు టైర్లూ ఒకే సైజు ఉండాలనేది కూడా ఇందుకే. చట్టం ప్రకారం టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, మన రేగడి బురదకు అది ఏ మూలకూ చాలదు, 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయడమే నయం.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితోనో గాలి కొట్టో ఊదకండి, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పడేయండి.

కరెంటు పనికి ముందు బ్యాటరీ మైనస్ వైరు తీయాలి, మళ్లీ పెట్టేటప్పుడు అది చివర. చేతి ఉంగరం, వాచీ తీసేయండి. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. నడుస్తున్నా పెరగకపోతే బ్యాటరీ కొనేముందు డైనమో, బెల్టు చూపించండి. లైట్లు మిణుకుమిణుకుమంటే ఛాసిస్‌కు ఎర్త్ వైరు తగిలే చోట తుప్పు గీకి బిగించండి. ఫ్యూజు ఊరికే పోతోందని అందులో రాగి తీగ చుట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, బండి తగలబడుతుంది.

డీజిల్ బండికి ఫిల్టర్ కింద నిలిచిన నీళ్లు వదిలేయాలి. పాత మెకానికల్ పంపు ఇంజన్లలో ఫిల్టర్ మార్చాక గాలి తీసుకోవడం ఇంట్లోనే అయ్యే పని, చేతి పంపు కొడుతూ స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా వదలాలి. డీజిల్‌ను చాలా ఎక్కువ ప్రెషర్‌తో చిమ్మే కామన్ రైల్ ఇంజన్ అయితే నడుస్తుండగా ఇంజెక్టర్ పైపులు ముట్టుకోవద్దు, ఆ ప్రెషర్‌కు సన్నటి డీజిల్ ధార చర్మంలోకి దిగిపోతుంది. చిన్న గాయంలా కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాల్సిందే. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదని అందరికీ తెలుసు, అయినా తొందరలో తీసేస్తారు.

ఇంత చేశాక కూడా బండి వాగు దాటడానికి తయారైనట్టు కాదు, ఇది మాత్రం ఇంట్లో కుర్రాళ్లకు ఒకటికి రెండుసార్లు చెప్పండి. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, పక్క భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది. జిప్సీ లాంటి బండి బరువు దాదాపు ఒక టన్ను, అది పక్కకు తోసే నీళ్లు ఒక ఘనమీటరు ఉన్నాయంటే వాటి బరువూ టన్నే, అంటే బండి తేలుతుంది. తేలిన బండికి ఎన్ని చక్రాలు తిరిగితే ఏం లాభం? పారే నీళ్లు 30 సెంటీమీటర్లుంటే చిన్న కార్లు కొట్టుకుపోతాయి, 60 ఉంటే మన జీపులూ ఆగవు. మత్తడి దుంకుతున్నప్పుడు, లో లెవెల్ వంతెన మీద నీళ్లు పారుతున్నప్పుడు కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. వెనక్కి తిప్పుకోండి, చుట్టు తిరిగి పోయినా ఫర్వాలేదు.

నిలిచిన నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తాడు కట్టి బయటికి గుంజించి, పెట్రోల్ బండికైతే ప్లగ్గులు, డీజిల్‌కైతే ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో విప్పి, అప్పుడు తిప్పి నీళ్లు బయటికి కొట్టించాలి. ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉందో లేదో మొదట చూస్తే సంగతి అక్కడే తెలిసిపోతుంది. పాత జిప్సీలో ఫిల్టర్ పొడిగానే ఉంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపల తుడిచి చూడండి, చాలాసార్లు తడి అక్కడే ఉంటుంది.

గట్టెక్కాక బ్రేకు మెల్లగా నొక్కుతూ కొంత దూరం పోతే డ్రమ్ములు ఆరతాయి. చక్రాల హబ్‌ల పైదాకా నీళ్లు తగిలితే ఆ రాత్రి బండిని కదపకుండా ఉంచండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి తెల్లారేసరికి హౌసింగ్ అడుక్కు దిగుతాయి, పొద్దున కింది ప్లగ్ కొంచెమే లూజ్ చేస్తే మొదట వచ్చేది నీళ్లో ఆయిలో కనబడుతుంది. నీళ్లు వచ్చినా, వచ్చిన ఆయిల్ తెల్లగా మారి ఉన్నా, ఆ ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోశాకే బండి నడపాలి.