పాత హాలును బాగుచేసుకోవాలంటే మొజాయిక్ గచ్చును టైల్స్‌తో కప్పేయకండి

తెనాలిలో మా ఇల్లు నాన్న 1984లో కట్టించారు. పోయినేడు హాలు బాగుచేయిద్దామని మేస్త్రీని పిలిస్తే గుమ్మంలోనే నిలబడి, "ఈ గచ్చు మీద టైల్స్ వేసేద్దాం అమ్మా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. టైల్స్ వేస్తే నేల అంగుళం పైకి లేస్తుంది. గడప ఎత్తు తగ్గుతుంది, తలుపుల అడుగు కోయాలి. పైగా మా మొజాయిక్‌లో పాలరాతి ముక్కలు ఇంకా గట్టిగానే ఉన్నాయి, మాసింది పైపొరే.

గోడలు చెక్కాలి కాబట్టి ముందు కరెంటు పని పెట్టుకోండి. మా పాత చెక్క బోర్డుల్లో ఎర్త్ తీగే లేదు. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించి, ఫ్యూజుల చోట ఎమ్‌సీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే ఆగిపోయే స్విచ్చులు) పెట్టించాం.

తర్వాత గచ్చు. గుంటలు పడ్డ చోట తెల్ల సిమెంటులో అదే రంగు రాతి చిప్స్ కలిపి నింపించి, వారం రోజులు తడుపుతూ ఉండండి. ఆపైన పాలిష్ మిషన్. నీళ్లు పోస్తూ మొదట గరుకు రాయి, ఆనక నున్నటి రాళ్లు పట్టించాలి. ఆ బురద నీళ్లను మాత్రం బాత్రూం తూములోకి వదలనివ్వకండి, గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. మేం బకెట్లతో ఎత్తి బయట పోయించాం. మైనం పాలిష్ గోడల రంగు పూర్తయ్యాకే. ఇకముందు యాసిడ్‌తో ఎప్పుడూ కడగొద్దు, పాలరాతిని తినేస్తుంది.

కిటికీలకు పచ్చ ఎనామిల్ పూత మీద పూత ఉంది. గీకితే లోపల టేకు! కానీ జాగ్రత్త. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూతల్లో సీసం ఉండొచ్చు. అందుకే పొడిగా రుద్దొద్దు, కాల్చి తీయొద్దు. వాటర్ పేపర్‌తో తడిపి రుద్దించండి, పనివాళ్లకు మంచి మాస్కులు ఇవ్వండి. ఆ రోజుల్లో పిల్లల్ని, గర్భిణుల్ని ఇంట్లో ఉంచకండి. మా చెల్లి పిల్లల్ని పది రోజులు పంపేశాం.

పడమటి గోడ ఉప్పుపట్టి పొక్కులు లేచింది. దాని మీద లప్పం పెడితే మళ్లీ వానాకాలానికి రాలిపోతుంది. చూస్తే పైన సన్‌షేడ్ పగిలి ఉంది. ముందు అది అతికించి, గోడ బాగా ఆరాకే ప్రైమరు, లప్పం, రంగు. పాత ఎనామిల్ ఉన్న గోడలకు లప్పం పట్టదు, అక్కడా తడిపి గీకాల్సిందే.

షోకేసుకు జరిపే అద్దాలు తీసేసి కడప బండ అరలు అలాగే ఉంచాం. అమ్మ కొండపల్లి బొమ్మలు తుడిచి మళ్లీ అక్కడే పేర్చింది.