ఎఫ్ఈఏ (ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్)లో బోల్ట్ జాయింట్: బిగింపుతో సహా మోడల్ చేయడం

రెండు ప్లేట్ల మధ్య 'బాండెడ్' (అతికించినట్టు) పెట్టేస్తే సాల్వర్ హాయిగా నడుస్తుంది, రంగుల బొమ్మా వస్తుంది. కానీ లోడ్ పడ్డప్పుడు ప్లేట్లు విడతాయా, జారతాయా అన్నది మాత్రం తేలదు. జాయింట్ బలమంతా ప్లేట్లను అదిమిపెట్టే బిగింపులో ఉంటుంది. కాబట్టి ముందు దాని లెక్క చూడండి.

ఎం12, 8.8 గ్రేడ్ బోల్ట్: మరల దగ్గర స్ట్రెస్ ఏరియా 84.3 చ.మి.మీ., ప్రూఫ్ స్ట్రెస్ (శాశ్వతంగా సాగకుండా తట్టుకునే స్ట్రెస్) 580 మెగాపాస్కల్స్. అందులో 75 శాతానికి బిగిస్తే ప్రీలోడ్, అంటే బిగింపు బలం, 36.7 కిలోన్యూటన్లు. నట్ ఫ్యాక్టర్ (టార్క్‌కూ ప్రీలోడ్‌కూ లంకె చెప్పే గుణకం) 0.2 అనుకుంటే టార్క్ రెంచ్ మీద అది దాదాపు 88 న్యూటన్ మీటర్లు.

హోల్ 13.5 మి.మీ., వాషర్ బయటి వ్యాసం 24. ప్లేట్ మీద వాషర్ అచ్చు గీసి, ఆ ముఖాన్ని విడగొట్టండి. హోల్ చుట్టూ 16 ఎలిమెంట్లు, వాషర్ వెడల్పులో రెండు వరసలు పెడితే హోల్ అంచున ఒక్కో ఎలిమెంట్ సుమారు 2.6 మి.మీ. చదరంగా కూర్చుంటుంది.

బోల్ట్‌కు బీమ్ (గీతలాంటి ఎలిమెంట్) చాలు: మరలున్న పొడవుకు వ్యాసం 10.36, మిగతా చోట 12. బీమ్ కొసలను వాషర్ అచ్చులోని నోడ్లకే (ఎలిమెంట్లు కలిసే బిందువులకే) కలపండి, హోల్ లోపలి గోడకు కలపొద్దు. ఆర్‌బీఈ2 అనే దృఢమైన లంకెతో కలిపితే ఆ వలయం రాయిలా బిగుసుకుపోతుంది. ఆర్‌బీఈ3 బలాన్ని పంచుతుందే తప్ప బిరుసు కలపదు. నిజం ఈ రెంటి మధ్య ఉంటుంది గనుక రెండూ నడిపి చూడటం మంచి అలవాటు. తేడా పెద్దగా ఉంటే సాలిడ్ బోల్ట్ తప్పదు.

ప్లేట్ల మధ్య ఫ్రిక్షన్ కాంటాక్ట్ ఇవ్వండి, ఘర్షణ గుణకం 0.15తో మొదలుపెట్టొచ్చు.

ఎక్కువమంది తప్పు చేసేది లోడ్ స్టెప్పుల దగ్గర. మొదటి స్టెప్పులో ప్రీలోడ్ ఒక్కటే ఉండాలి. రెండో దాంట్లో బోల్ట్ పొడవును లాక్ చేసి, అప్పుడు బయటి లోడ్ వేయాలి. ఆన్సిస్‌లో దీన్ని 'లాక్' అంటారు, అబాకస్‌లో 'ఫిక్స్ ఎట్ కరెంట్ లెంగ్త్'. ఇది మరిస్తే బయటి లోడ్ ఎంత పెంచినా బోల్ట్ బలం 36.7 కిలోన్యూటన్ల దగ్గరే కదలకుండా ఉంటుంది. అలా కనబడితే ఇంకెక్కడా వెతక్కండి.

మొదటి స్టెప్ అవగానే బీమ్ అక్షబలం, కాంటాక్ట్ బలాల మొత్తం పక్కపక్కన పెట్టండి. రెండూ దాదాపు 36.7 రావాలి. కాంటాక్ట్ బాగా తక్కువొస్తే ఆ అదుము వేరే దారిన పోతోందన్నమాట: పాత టై (అతికింపు) తీసేయలేదో, ప్లేట్లకు ఉమ్మడి నోడ్లు మిగిలాయో చూడండి.

మర మూలంలో స్ట్రెస్ బీమ్ చెప్పదు. దాని నుంచి అక్షబలం, బెండింగ్ మూమెంట్ తీసుకుని 84.3 చ.మి.మీ. స్ట్రెస్ ఏరియా మీద చేత్తో లెక్క వేసుకోండి.