జాతర పొడులు, రోజువారీ గోళీలు: గంట గ్యాప్‌ను నమ్ముకోకండి

మొన్న తెల్లవారుజామున మా గల్లీలో ఒక పెద్దాయనను 108 ఎక్కించాం. ఒళ్లంతా చెమట, బనియన్ పిండితే నీళ్లు కారేలా ఉంది. మిషన్‌లో షుగర్ 38కి పడిపోయినట్టు చూపించింది. ఏళ్లుగా గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోళీలు వాడుతున్న మనిషి. పది రోజుల కింద పొద్దున కాకరకాయ రసం, రాత్రి పొడపత్రి పొడి మొదలుపెట్టాడట. ఇంటావిడ ఏడుస్తూ అన్న మాట ఇది: "గోళీకి పొడికి గంట గ్యాప్ ఇచ్చినం బిడ్డా, కలవనియ్యలే."

హన్మకొండలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. సంక్రాంతికి ఐనవోలు, కొత్తకొండ జాతరలు మొదలవుతాయి. మేడారం ఉన్న ఏడైతే చెప్పనక్కర్లేదు. దారి పొడుగునా పట్టాల మీద వేర్లు, బెరళ్లు, డబ్బాల్లో పొడులు. మొక్కు తీర్చుకుని వస్తూ బంగారం (బెల్లం)తో పాటు ఒక పొట్లం కూడా సంచిలో పడుతుంది. అందుకే ముందే చెబుతున్నా.

చెట్ల మందు పనిచేయదని నేను అనను. పనిచేస్తుంది కాబట్టే భయం. రెండు మందులు కడుపులో కలిస్తేనే గొడవని మనవాళ్ల లెక్క, పాలల్లో నిమ్మరసం పడ్డట్టు. కానీ పొద్దున వేసుకున్న గ్లిమెపిరైడ్ రోజంతా పనిచేస్తూనే ఉంటుంది. కాకర, మెంతి, పొడపత్రి కూడా షుగర్‌ను దించేవే. మీరు గంట ఆగినా, మూడు గంటలు ఆగినా రెండూ కలిసి ఒకే రక్తంలో షుగర్‌ను లాగుతాయి. కూరలో కాకరకాయ తింటే ఏమీ కాదు. రోజూ గ్లాసుడు రసం, చెంచాలకొద్దీ పొడి అంటే వేరే సంగతి.

గుండెకు స్టెంట్ వేసుకున్నవాళ్లది ఇంకో కథ. ఒక్క ఆస్పిరిన్ గోళీ ప్రభావం ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టించే కణాల) మీద వారం దాకా ఉంటుంది. మీరిచ్చే గంట ఏ మూలకు? దాని మీద వెల్లుల్లి క్యాప్సూల్, పసుపు క్యాప్సూల్, జింకో (ఒక చెట్టు ఆకు మందు) వేసుకుంటే పంటి చిగుళ్ల నుంచి రక్తం, చర్మం మీద నల్లటి మచ్చలు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే యాసిట్రోమ్, వార్ఫరిన్ గోళీలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఏ కషాయమూ ముట్టకండి. ఆపరేషన్ ఉందా? ఈ చెట్ల మందులు, క్యాప్సూళ్లు అన్నీ రెండు వారాల ముందే డాక్టరుకు చెప్పి ఆపండి.

గ్యాప్ పనిచేసే చోటు లేకపోలేదు. ఇసబ్గోల్ కడుపులో జిగురులా మారి థైరాయిడ్ గోళీని ఒంటికి సరిగా పట్టనివ్వదు. అక్కడ నాలుగు గంటల ఎడం పెడితే సరిపోతుంది. బహుశా ఇలాంటిదెక్కడో విని అన్నింటికీ అంటగట్టారు.

మిగతావి గుర్తొచ్చిన వరుసలో:

– పరీక్షలొస్తున్నాయని ఫిట్స్ ఉన్న పిల్లలకు శంఖపుష్పి సిరప్ పట్టించకండి. రక్తంలో ఎప్టాయిన్ (ఫిట్స్ మందు) తగ్గి, ఆగిన ఫిట్స్ మళ్లీ వచ్చిన కేసులున్నాయి.

– దగ్గుకు అతిమధురం రోజూ నములుతున్నారా? బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. లాసిక్స్ లాంటి నీళ్ల గోళీ కూడా వాడుతుంటే గుండె లయే తప్పొచ్చు.

– టీబీ గోళీలు లివర్‌కు అసలే భారం. వాటి మీద తిప్పతీగ కషాయం వద్దు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ తాగాక లివర్ దెబ్బతిన్న 6 కేసులను ప్రచురించారు. మూత్రం టీ డికాషన్ రంగుకు వస్తే ఆ రోజే దవాఖానకు పోండి.

– థైరాయిడ్ గోళీ, నిద్రగోళీ వాడేవాళ్లు సొంతంగా అశ్వగంధ మొదలుపెట్టొద్దు.

– పొడి వాడిన రెండు రోజుల్లో మోకాళ్ల నొప్పి మాయమై, ఆకలి పెరిగి, మొహం ఉబ్బితే ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించండి. షుగర్, బీపీ రెండూ పెరుగుతాయి. నెలల తరబడి వాడి ఉంటే మాత్రం ఒక్కసారిగా మానకండి, అది ప్రాణం మీదకు తెస్తుంది. పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి పోండి.

– పేరు లేని పొడి కొనొద్దు.

– పక్కింటాయనకు పనిచేసిందట. ఆయన చీటీ, మీ చీటీ ఒకటేనా?

– ఆయుర్వేదమే కావాలంటే వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. చదువుకున్న వైద్యుడికి చూపించండి, మీరు వాడే ఇంగ్లిష్ గోళీల స్ట్రిప్పులు పట్టుకుపోండి.

– డాక్టరు తిడతాడని దాచకండి. తిట్టనీయండి.

– పొడి మొదలుపెట్టాక షుగర్ తగ్గిందని గోళీలు మానకండి.

– షుగర్ పడిపోయి చెమట, వణుకు, కళ్లు తిరగడం వచ్చి మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ పరీక్ష చేయండి. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు తేరుకున్నాక కూడా షుగర్ మళ్లీ పడిపోవచ్చు, దవాఖానకు తీసుకుపోండి. స్పృహ లేకుంటే నోట్లో చుక్క కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108 చేయండి.

మళ్లీ గంట గ్యాప్ దగ్గరికే వస్తా. నిన్న సాయంత్రం ఒకామె బీపీ గోళీలు తీసుకుంటూ, "పొద్దున గోళీ, రాత్రి పొడి, పన్నెండు గంటల గ్యాప్ సారూ, ఇగ భయం లేదు కదా" అంది. పొట్లం తీసుకురమ్మని పంపాను. ఇంకా రాలేదు.