లెక్క పది దాటనివ్వకండి

ఈ క్షణంలో ఉండమనగానే చాలామంది ఆలోచనల్ని ఆపాలని చూస్తారు. అవి ఆగవు. బౌద్ధ సాధనలో చేసేది వేరు: ఊపిరిని గమనించడం, మనసు తప్పిపోతే మళ్లీ ఊపిరి దగ్గరికి రావడం.

వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా పెట్టుకుని 10 నిమిషాలు కూర్చోండి. ముక్కు కొస దగ్గర గాలి తగిలే చోటు పట్టుకోండి. లోపలికి పోయేటప్పుడు చల్లగా, బయటికొచ్చేటప్పుడు కాస్త వెచ్చగా తెలుస్తుంది. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఒక అంకె, పది అయ్యాక మళ్లీ ఒకటి. 5వ శతాబ్దపు ఆచార్యుడు బుద్ధఘోషుడు ఈ లెక్క 5కి తగ్గకూడదు, 10 దాటకూడదన్నాడు. తగ్గితే మనసు ఇరుకున పడుతుంది. పెరిగితే ఊపిరిని వదిలేసి అంకెల్ని పట్టుకుంటుంది. 14 దగ్గర తేలారంటే జరిగింది అదే. విసుక్కోకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. తప్పిపోయానని గుర్తుకొచ్చిన ఆ క్షణం ఎంతో విలువైనది, దాన్ని ఓటమి అనుకోకండి.

ఊపిరిని కావాలని లాగకండి, సాగదీయకండి. తల తిరిగినట్టు అనిపించడానికి చాలాసార్లు కారణం అదే. దాని మానాన దాన్ని పోనివ్వండి.

చివరి 2 నిమిషాలు లెక్క మానేసి, లోపలికొచ్చిన గాలి ఎక్కడ ‘నేను’ అయిందో, వదిలాక ఎక్కడ కాకుండా పోయిందో చూడండి. ఆ రెంటి మధ్య సరిహద్దు గీత దొరకదు. అలాగని ‘అంతా ఒకటే’ అని వల్లించకండి, అదీ ఇంకో ఆలోచనే. బుద్ధుడు ‘అంతా ఒకటే’ అనీ అనలేదు, ‘అన్నీ వేరు’ అనీ అనలేదు. ఒకదాన్ని ఆనుకుని ఇంకొకటి పుడుతుందన్నాడు. చెట్టు వదిలిన గాలితో మీ ఊపిరి, మీరు వదిలిన గాలితో దాని ఆకు.