మేధో వైకల్యం ఉన్నవాళ్లకి ఉద్యోగంలో అన్యాయం జరిగితే కమిషనర్‌కి ఫిర్యాదు పెట్టే విధానం

పోయిన నెల ఒకావిడ ఏడుస్తూ ఫోన్ చేశారు. వాళ్లబ్బాయికి మేధో వైకల్యం (నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం నెమ్మదిగా ఉంటుంది). ఒక సూపర్ మార్కెట్లో ప్యాకింగ్ పని, రెండేళ్లు బాగానే చేశాడు, కొత్త సూపర్‌వైజర్ వచ్చాక ఒకేసారి నాలుగైదు పనులు గడగడా చెప్పేసి వెళ్లిపోవడం, బాబు రెండు గుర్తుపెట్టుకుని మిగతావి మర్చిపోతే కస్టమర్ల ముందే అరవడం. చివరికి ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇంటికి పంపేశారు. అది రాజీనామా అని ఆ పిల్లాడికి తెలీదు. ఆ తర్వాత కేసు వేయిస్తానని ఒక బ్రోకర్ ఐదు వేలు పట్టుకుపోయాడు.

వికలాంగుల కమిషనర్‌కి ఇచ్చే ఈ ఫిర్యాదుకి ఫీజు లేదండీ. లాయర్ కూడా అక్కర్లేదు. తెల్ల కాగితం మీద తెలుగులో రాసిస్తే చాలు.

రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసైనా ప్రైవేటైనా రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయాలి (ఆంధ్రలో విభిన్న ప్రతిభావంతులు అంటున్నారు), రైల్వే, బ్యాంకు లాంటి కేంద్ర సంస్థలైతే ఢిల్లీలో చీఫ్ కమిషనర్‌కి. అడ్రస్ జిల్లా సంక్షేమ శాఖ ఆఫీసులో చెప్తారు. మీ వివరాలు, కంపెనీ వివరాలు, ఏ తేదీన ఏం జరిగింది, మీకేం కావాలి, ఇవి రాసి యూడీఐడీ కార్డు (వైకల్యం గుర్తింపు కార్డు) గానీ సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) గానీ జిరాక్స్ పెట్టండి. సర్టిఫికెట్లో మేధో వైకల్యం అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి, మానసిక అనారోగ్యం అనేది వేరే కేటగిరీ, రెండూ కలిపేసి మాట్లాడేవాళ్లు ఆఫీసుల్లో చాలామంది ఉన్నారు. 18 నిండితే సంతకం పిల్లలదే, వాళ్ల తరఫున మీరు ఇవ్వాలంటే ఒక ఆథరైజేషన్ లెటర్ జతచేయండి, గార్డియన్‌షిప్ (చట్టపరమైన సంరక్షక హోదా) వచ్చాకే పెడదాంలే అని నెలలు పోగొట్టుకోవద్దు.

ఇంతవరకు అందరూ చేసేస్తారు. ఆగిపోయేది ఒక్క కాగితం దగ్గర. మీరు కంపెనీని ఫలానా సౌకర్యం కావాలని అడిగినట్టు రుజువు ఏది అంటారు, మనవాళ్ల దగ్గర ఉండదు, ఎందుకంటే అందరం నోటితోనే బతిమాలుకుంటాం.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో రీజనబుల్ అకామడేషన్ అని ఒక మాట ఉంది, అంటే ఆ మనిషి ఆ పని చేయగలిగేలా కంపెనీ మీద మరీ భారం పడకుండా చేసే మార్పులు. అది ఇవ్వకపోవడం కూడా వివక్ష కిందకే వస్తుంది. కానీ అడిగినట్టు కాగితం ఉండాలి కదా. "మా బాబుని బాగా చూసుకోండి" అని రాస్తే లాభం లేదు. ఆ అమ్మగారితో కూర్చుని మేం రాసింది ఇది:

"ఒకసారికి ఒక పనే చెప్పాలి. రోజువారీ పనులు బొమ్మలతో ఒక అట్ట మీద వేసి టేబుల్ దగ్గర అతికించాలి. షిఫ్ట్ మార్చాలంటే ఒకరోజు ముందు ఇంట్లోవాళ్లకి మెసేజ్ పెట్టాలి. సందేహం వస్తే ఎవర్ని అడగాలో ఒక మనిషిని చూపించాలి."

నాలుగు మాటలే, ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. రెండు కాపీలు తీసి ఒకటి ఇచ్చి రెండోదాని మీద రిసీవ్డ్ స్టాంపు, తేదీ వేయించుకోండి, వెయ్యం అంటే స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచండి, వాట్సాప్‌లో పంపినా స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. 20 మంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థకి సమాన అవకాశాల పాలసీ ఉండాలి, అందులో లైజన్ ఆఫీసర్ (వికలాంగుల నియామకం, సౌకర్యాలు చూసే మనిషి) కూడా ఉండాలి, ఆ పాలసీ కాపీ ఇవ్వమని అదే లెటర్లో అడగండి. గవర్నమెంట్ ఆఫీసైతే గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఉంటారు, ముందు ఆయనకివ్వండి, రెండు వారాల్లో విచారణ జరగాలి.

రాజీనామా మీద సంతకం పెట్టించేసుకున్నారా, కంగారు పడకండి, తెలిసిన రోజే ఇంకో లెటర్ పంపండి: అందులో ఏముందో నాకు చదివి చెప్పలేదు, నాకు అర్థం కాలేదు, నేను ఉద్యోగం మానెయ్యాలనుకోవట్లేదు, అని. ఆలస్యమైనకొద్దీ ఇష్టపడే వెళ్లాడు అంటారు. ఇక మీదట ఏ కాగితమైనా ఇంటికి తెచ్చాకే సంతకం అని పిల్లలకి పదిసార్లు చెప్పి అలవాటు చెయ్యండి.

ఫిర్యాదు అందాక కంపెనీకి నోటీసు వెళ్తుంది, కేంద్ర రూల్స్‌లో జవాబుకి 30 రోజులు, పొడిగిస్తే ఇంకో 15. కమిషనర్ చివరికి ఇచ్చేది సిఫార్సు, కోర్టు తీర్పులాంటిది కాదు, అది కూడా తెలుసుకుని వెళ్లండి. కానీ సాక్షుల్ని పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలు ఉన్నాయి. కంపెనీవాళ్లు చాలావరకు ఆ నోటీసు రాగానే మాటల్లోకి వస్తారని నేను చూశాను. పదిమందిలో కావాలని అవమానించి ఉంటే అది అదే 2016 చట్టం సెక్షన్ 92 కింద నేరం, దానికి పోలీస్ స్టేషన్‌లో విడిగా ఇవ్వాలి.

హియరింగ్‌కి బాబునో పాపనో తప్పకుండా తీసుకెళ్లండి. చిన్న చిన్న మాటల్లో అడగమని, జవాబుకి కాస్త టైమ్ ఇవ్వమని ముందే రాసివ్వండి. మీరు మధ్యలో అందుకుని చెప్పకండి. ఆ అబ్బాయి మా ముందు చాలాసేపు తలొంచుకుని కూర్చుని, తర్వాత ఒక్కటే చెప్పాడు, "సార్ అరిస్తే నాకు లెక్క మర్చిపోతది" అని. ఫిర్యాదులో మొదటి లైన్ అదే పెట్టాం.