ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించుకుంటున్నారా? స్పీడ్ సంగతి తర్వాత, ముందు తీగ దారి చూడండి

కొత్త కనెక్షన్ అనగానే అందరం అడిగేది ఒకటే: నెలకు ఎంత, స్పీడ్ ఎంత? నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా కంపెనీల రేట్లు దాదాపు దగ్గర దగ్గరగానే ఉంటాయి. తేడా అంతా వీధి స్తంభం నుంచి మీ హాల్లో పెట్టే బాక్స్ దాకా ఉండే కొద్దిపాటి తీగలోనే. కోతులు లాగేది దాన్నే, గడ్డి లారీకి తగులుకునేదీ అదే. సాయంత్రం లోపు ఇంకో నాలుగిళ్లు చూసుకోవాలని వచ్చినవాళ్లు తొందర తొందరగా కట్టేసి పోయేది కూడా ఆ తీగనే. కాబట్టి దాని గురించి ముందే ఆలోచించుకుని పెట్టుకోండి.

ముందు పక్కింటివాళ్లను అడగండి

యాప్‌లో 508001 అనో 509001 అనో పిన్‌కోడ్ కొట్టగానే ‘మీ ఏరియాలో సర్వీస్ ఉంది’ అని చూపిస్తుంది. దాన్ని నమ్మి డబ్బు కట్టకండి. ఆ పిన్‌కోడ్ కింద ఊరంత ఏరియా ఉంటుంది, మీ గల్లీలో లైన్ లేకపోవచ్చు. ఉన్నా వీధి బాక్స్‌లో ఖాళీ లేకపోవచ్చు. ఫైబర్‌లో ఒక గాజు పోగును స్ప్లిటర్‌తో 8, 16, 32 ఇళ్లకు పంచుతారు. అది నిండిపోతే కొత్త స్ప్లిటర్ వేసేదాకా ఆగాల్సిందే.

జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్, మీ వీధి కేబుల్ ఆపరేటర్... ఎవరిదైనా సరే, పక్కింట్లో వాడుతున్నవాళ్లను రెండు మాటలు అడగండి: గాలివానకు లైన్ పోతే ఎన్నాళ్లకు బాగు చేస్తారు? ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉన్నాడా? బీఎస్ఎన్ఎల్ ఫైబర్ చాలాచోట్ల స్థానిక పార్ట్‌నర్ల ద్వారానే నడుస్తుంది, కాబట్టి కంపెనీ పేరు కన్నా ఆ లోకల్ మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడం ముఖ్యం.

పల్లెల్లో ఇంకో సంగతి ఉంది. పంచాయతీలకు నెట్ ఇచ్చే కేంద్ర పథకం భారత్‌నెట్ తీగ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చినంత మాత్రాన మీ ఇంటికి వచ్చినట్టు కాదు. మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాల్లోనే ఫైబర్ కూడా వేసి ఇంటింటికీ ఇవ్వాలన్నది తెలంగాణ ప్రభుత్వ సంస్థ టీ-ఫైబర్ ఆలోచన. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. మీ ఊళ్లో పరిస్థితి ఏమిటో పంచాయతీ కార్యదర్శిని అడిగితే తెలుస్తుంది.

ఫైబర్ ఎక్కడిదాకా వస్తుంది?

దీన్ని మాత్రం తప్పకుండా అడగాలి. కొందరు ఆపరేటర్లు స్తంభం మీదో, ఎవరి దాబా గోడకో బిగించిన బాక్స్ దాకా ఫైబర్ తెచ్చి, అక్కడి నుంచి మీ ఇంటికి మామూలు ల్యాన్ వైరు లాగుతారు. దాన్నీ ఫైబర్ అనే అమ్ముతారు. ఆ బాక్స్‌కు కరెంటు కావాలి. అక్కడ కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ రాదు. పైగా అది రాగి వైరు. దగ్గర్లో పిడుగు పడితే రూటర్ మాడిపోయే అవకాశం ఎక్కువ.

అందుకే “అన్నా, ఇంట్లోకి వచ్చేది ఫైబరేనా, ల్యాన్ వైరా?” అని సూటిగా అడగండి. ఫైబర్ అయితే సన్నగా, చాలావరకు నల్లగా ఉండే తీగ లోపలికి వచ్చి, ఆకుపచ్చ లేదా నీలం రంగు చదరపు ప్లగ్‌తో బాక్స్‌లోకి వెళ్తుంది. ల్యాన్ వైరుకు పాత ల్యాండ్‌లైన్ ఫోన్ పిన్ లాంటి, కాస్త వెడల్పైన పారదర్శకమైన ప్లాస్టిక్ పిన్ ఉంటుంది.

బాక్స్ ఎక్కడ పెట్టాలి?

తలుపు దగ్గర పెడితే వచ్చినవాళ్లకు పని తేలిక. మీకు మాత్రం అక్కడి నుంచి వెనక గది దాకా సిగ్నల్ రాదు. ఇంటి మధ్యలో, ఛాతీ ఎత్తుకు పైన, గాలి ఆడే చోటు మంచిది. టీవీ వెనక, ఫ్రిజ్ మీద, బీరువా పక్కన వద్దు. పాత రాతి గోడల ఇళ్లలో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్క గోడ దాటడమే కష్టం. 2.4 గిగాహెర్ట్జ్ ఇంకాస్త దూరం పోతుంది కానీ స్పీడ్ తక్కువ. మేడ మీద గది ఉంటే అక్కడికి ఒక ల్యాన్ వైరు లాగి రెండో రూటర్ పెట్టుకోవడమే తిన్నగా పనిచేసే మార్గం. వైఫై సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే, చీప్‌గా దొరికే రిపీటర్ల మీద నాకైతే నమ్మకం లేదు.

ప్లగ్ కూడా చూసుకోండి. మన ఇళ్లలో ఇన్వర్టర్ లైన్ ఎక్కువగా ఫ్యాన్లు, లైట్లకే ఇస్తారు, కింద ఉండే ప్లగ్ పాయింట్లకు ఇవ్వరు. కరెంటు పోయిన గంటలోనే ఆఫీసు మీటింగ్ ఉందనుకోండి, అప్పుడు టెన్షన్. ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒక ప్లగ్‌ను ఇన్వర్టర్‌కు కలిపించండి. లేదంటే రూటర్లకు వాడే మినీ యూపీఎస్ తీసుకోండి. చాలా బాక్స్‌లు 12 వోల్ట్‌ల అడాప్టర్‌తో నడుస్తాయి. అడాప్టర్ మీద రాసిన వోల్ట్‌లు, ఆంపియర్లు సరిచూసుకుని కొనండి.

తీగ దారి

వాళ్లు వచ్చే ముందు రోజు ఒకసారి దాబా ఎక్కి చూడండి. స్తంభం నుంచి పిట్టగోడ దాకా తీగ ఏ దారిన వస్తుంది? కింద నుంచి గడ్డి లారీలు, వరికోత మిషన్లు వెళ్తాయా? వినాయక నిమజ్జనం ఊరేగింపు మీ వీధిలోంచేనా? అయితే ఆ ఎత్తుకు పైన ఉండేలా కట్టించండి.

కోతులున్న ఊళ్లలో వదులుగా వేలాడే తీగ బతకదు. గాల్లో ఉండే ముక్క ఎంత తక్కువైతే అంత మంచిది. గోడకు చేరాక సజ్జ కిందుగా, అడుగడుగునా క్లిప్పులు కొట్టించండి. పిట్టగోడ దాటే చోట పీవీసీ పైపులోంచి పంపించండి. ఎలుకలకూ అదే మందు.

కరెంటు సర్వీస్ వైరును ఆనించి మాత్రం కట్టనివ్వకండి. గాజు పోగులో కరెంటు పారదు, నిజమే. కానీ బలం కోసం చాలా తీగల్లో సన్నటి స్టీలు వైరు కూడా ఉంటుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో రథం ఊరేగింపులో కరెంటు షాక్ తగిలి మనుషులు చనిపోయాక, స్తంభాల మీద వేలాడే కేబుళ్లను విద్యుత్ సిబ్బంది తెగ్గొట్టారు. చాలామందికి నెట్ ఆగిపోయింది. స్తంభం మీద అన్ని తీగల్లో మీదొకటి అయితే దాని గతీ అంతే కావచ్చు.

గోడకు కన్నం వేసేటప్పుడు బయటి వైపు కొంచెం కిందికి వాలేలా వేయమనండి, వాన నీళ్లు లోపలికి రావు. కిటికీ సందులోంచి తెస్తామంటే ఒప్పుకోవద్దు, రెక్క మూసినప్పుడల్లా తీగ నలుగుతుంది. మొలకు చుట్టి మూల దగ్గర మడిచినా అంతే. ఫైబర్‌లో నడిచేది వెలుతురు, గట్టిగా మడిస్తే అది బయటికి కారిపోతుంది. మిగిలిన తీగ కత్తిరించకుండా రెండు మూడు మీటర్లు గుండ్రంగా చుట్టి ఉంచమనండి. రేపు తెగితే జాయింట్ వేయడానికి పనికొస్తుంది.

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లు కరెంటు పైపులతో పాటు నెట్ కోసం విడిగా ఒక పైపు, అందులో లాగడానికి ఒక దారం వేయించండి.

బిగించే రోజు

ఆధార్, మొబైల్ దగ్గర పెట్టుకోండి. అద్దె ఇల్లయితే కన్నం వేసే ముందు ఓనర్‌తో ఒక మాట చెప్పండి. పెద్ద నిచ్చెన ఉంటే బయట పెట్టండి, వాళ్లు తెచ్చేది చాలాసార్లు పొట్టిదే.

చివరలో ఒక చిన్న మిషన్‌లో రెండు గాజు పోగులను ఎదురెదురుగా పెట్టి కరిగించి అతికిస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ పిల్లలను దగ్గరికి రానివ్వకండి. కత్తిరించిన గాజు ముక్కలు కంటికి కనిపించవు, కాల్లో గుచ్చుకుంటే తీయడం కష్టం. టేపుతో అద్ది తీసేయమనండి. తీగ చివర కంటి ముందు పెట్టుకుని చూడకండి, అందులోని లేజర్ కనిపించదు గానీ కంటికి ప్రమాదం.

తర్వాత తీగలో వెలుతురు బలం కొలిచే పవర్ మీటర్ రీడింగ్ చూపించమనండి. మైనస్ 20 డీబీఎం దగ్గర్లో ఉంటే బాగున్నట్టే. మైనస్ 27కు చేరిందంటే ఏదో జాయింట్ సరిగా పడలేదు, లేదా ఎక్కడో తీగ నలిగింది. మళ్లీ చేయించండి. రీడింగ్ ఫోటో తీసి ఉంచుకుంటే రేపు గొడవ వచ్చినప్పుడు అక్కరకొస్తుంది. బాక్స్ మీద పాన్ (PON) లైటు ఆకుపచ్చగా, ఆరకుండా వెలగాలి. లాస్ (LOS) లైటు ఎర్రగా మిణుకుమంటే వెలుతురు అందట్లేదని అర్థం.

స్పీడ్ టెస్ట్ బాక్స్ పక్కనే నిలబడి 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద చేయండి. ల్యాప్‌టాప్‌ను వైరుతో కలిపి చూస్తే ఇంకా ఖాయం. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా వైరు మీద 94 దగ్గరే ఆగిపోతుంటే బాక్స్ పోర్ట్ 100 మెగాబిట్లదని అనుమానించండి, గిగాబిట్ పోర్ట్ ఉన్నది ఇమ్మనండి. అన్నట్టు, 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లే. సినిమా డౌన్‌లోడ్‌లో ఆ అంకె చూసి మోసం అనుకోకండి. నలుగురున్న ఇంటికి 100 బాగానే సరిపోతుంది. ఇవన్నీ చూశాకే పని పూర్తయినట్టు ఓటీపీ చెప్పండి. వాళ్లు పెట్టిన వైఫై పాస్‌వర్డ్ ఆ రోజే మార్చేయండి.

డబ్బు, ఫిర్యాదు

ప్రకటనల్లో చెప్పే రేటుకు 18 శాతం జీఎస్‌టీ అదనం. 499 అంటే దాదాపు 589 అవుతుంది. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటారు. మొదట ఒకటి రెండు నెలలకే కట్టి, ఒక గాలివాన దాటాక ఆలోచించండి. బాక్స్‌కు డిపాజిట్ తీసుకుంటే రసీదు అడగండి.

లైన్ పోతే లోకల్ మనిషికి ఫోన్ చేయడంతో ఆపకండి, కంపెనీ నంబర్‌కూ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి రాయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. ఇల్లు మారేటప్పుడు బాక్స్, అడాప్టర్ అప్పజెప్పి రసీదు తీసుకోండి, ఆటో పే ఆపేయండి. లేదంటే వాడని కనెక్షన్‌కు నెలనెలా డబ్బులు కట్ అవుతూనే ఉంటాయి.